గేరు బాబాయి

గేరు బాబాయి ప్రతి ఇంట్లోనూ ఉండడు గానీ ప్రతి వంశంలోనూ ఒకడు తప్పకుండా ఉంటాడు. ఊరు గుంటూరు కావచ్చు, నిజామాబాదు కావచ్చు. బ్యాంకులోనో కరెంటాఫీసులోనో పనిచేసి రిటైరై ఉంటాడు. ఆయన తిండికీ బట్టకీ కార్లతో ఏ సంబంధమూ ఉండి ఉండదు. అయినా గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చుట్టాన్ని ఆయన కుశలప్రశ్నలు అడగడు. "ఏ బండిలో వచ్చారు? మాన్యువలేనా?" అంటాడు. అవునంటే మంచినీళ్ళ వెనకే కాఫీ కూడా వస్తుంది. కాదంటే మంచినీళ్ళే.

గుర్తుపట్టడం తేలిక. డ్రైవరు సీట్లో కూర్చోగానే మన చెయ్యి బెల్టు కోసం వెతుకుతుంది. ఆయన చెయ్యి తిన్నగా గేరు రాడ్డు మీదికి పోతుంది. న్యూట్రల్‌లో ఉందో లేదోనని దాన్ని అటూ ఇటూ రెండుసార్లు ఊపితే గానీ ఆయనకి తృప్తి లేదు. షోరూములో ఇంకా నంబరు పడని బండిలో కూర్చోబెట్టినా ఇదే పని. గుమ్మంలో ఆయన చెప్పులు చూసినా చెప్పెయ్యొచ్చు. ఎడమది కొత్తగానే ఉంటుంది, కుడిది బయటి అంచున ఓ పక్కకి ఒరిగి అరిగిపోయి ఉంటుంది. బ్రేకు మీద పాదం ఆనించి ఉంచి, అదే పాదం అంచుతో ఎక్సలేటరును తట్టడం ఆయన విద్య. రేసు డ్రైవర్లు చేసే పని అది. ఈయన కూరగాయల మార్కెట్టు సందులో చేస్తాడు.

మనం నడుపుతుంటే ఆయన పక్క సీట్లో కూర్చుంటే ఇంకా ప్రమాదం. ఆయన కాళ్ళ కింది మ్యాటు మీద క్లచ్చు, బ్రేకు, ఎక్సలేటరు మూడూ ఉంటాయి. మనకే కనపడవు. మనం గేరు మార్చడానికి ఒక్క క్షణం ముందు ఆయన ఎడమకాలు మ్యాటును తొక్కుతుంది, నోట్లోంచి "ఊఁ" అని చిన్న శబ్దం వస్తుంది. ఆ "ఊఁ" తర్వాత కూడా మనం గేరు మార్చకపోతే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, తనకేమీ సంబంధం లేనట్టు, "బండి మూలుగుతోంది" అంటాడు.

"గేరు పెంచడం ఎవడైనా చేస్తాడ్రా. దించేటప్పుడే మనిషి బయటపడతాడు." ఇది ఆయన సిద్ధాంతం. దీన్ని ఆయన భోజనాల దగ్గర, పెరుగన్నం దశలో వివరిస్తాడు. ఎవరూ లేచి వెళ్ళలేని సమయం అది.

సిద్ధాంతంలో లోపం లేదని ఒప్పుకోవాలి. కారు నాలుగో గేరులో పోతోంది, ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. అదే వేగంలో మూడో గేరు వెయ్యాలంటే ఆ ఇంజను ఇంచుమించు 2700 తిరగాలి. మనం ఏం చేస్తాం? క్లచ్చు తొక్కి, రాడ్డు లాగి, క్లచ్చు వదిలేస్తాం. ఈ లోపల ఇంజను 2700 మాట దేవుడెరుగు, ఉన్న 2000 కూడా పోగొట్టుకుని ఇంకా కిందికి జారి ఉంటుంది. ఆ లోటు చక్రాలు పూడ్చాలి. పరుగెడుతున్న చక్రాలు బద్ధకంగా ఉన్న ఇంజనును జుట్టు పట్టుకు లేపుతాయి. మధ్యలో క్లచ్చు ప్లేటు రాసుకుంటుంది, బండి ముక్కు వంచుతుంది, వెనక సీట్లో అత్తయ్య నుదురు ముందు సీటుకు కొట్టుకుంటుంది. బాబాయి అయితే క్లచ్చు కింద ఉన్నప్పుడే ఎక్సలేటరుకు ఒక్క తట్టు తట్టి, చిన్న రేజ్ ఇచ్చి, ఆ 700 చుట్లూ ముందే కలిపేస్తాడు. అప్పుడు వదులుతాడు. కుదుపు రాదు. విద్యంతా ఇంతే.

ఆయన కష్టం కూడా ఇక్కడే ఉంది. సంగీతం బాగా పాడితే చప్పట్లు కొడతారు. వంట బాగా చేస్తే ఇంకో గరిటె వేయించుకుంటారు. గేరు బాగా దించితే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే దాని గొప్ప. జరగనిదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? అందుకని పాపం ఆయనే చెప్పుకోవాలి. "ఇప్పుడు మూడులోంచి రెండులోకి వచ్చాం, తెలిసిందా?" అని అడుగుతాడు. తెలియలేదంటాం. ఆయన మొహం వెలిగిపోతుంది. పాతికేళ్ళ దాంపత్యంలో పిన్ని ఒక్కసారి పొరపాటున "ఆఁ, తెలిసింది" అన్నదట. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

ఆయనకి పిన్నే మీటరు. ప్రయాణం మొదలైన కాసేపటికల్లా ఆవిడ తల కిటికీ అద్దానికి ఆనించి నిద్రపోతుంది. స్పీడ్ బ్రేకర్లు, రైల్వే గేట్లు, మలుపులు ఎన్ని దాటినా ఆవిడ లేవకపోతే ఆ రోజు గేర్లు బాగా పడ్డట్టు. వేరేవాళ్ళు నడిపేటప్పుడు కూడా ఆయన రోడ్డు కంటే పిన్ని కనురెప్పల్నే ఎక్కువగా గమనిస్తాడు.

ఈ జబ్బుకు మూలం వెతికితే ఒక ఎర్ర బస్సు దగ్గర తేలుతుంది. చిన్నప్పుడు ఇంజను పక్క సీట్లో కూర్చుని, నిలువెత్తు గేరు రాడ్డు పట్టుకున్న డ్రైవరును నోరు తెరుచుకుని చూసిన పిల్లవాడు ఆయన. ఆనాటి బస్సులకీ లారీలకీ గేర్లు అడగ్గానే పడేవి కావు. డబుల్ క్లచ్ కొట్టాలి. ఒకసారి క్లచ్చు తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, వదలాలి, రేజ్ ఇవ్వాలి, మళ్ళీ తొక్కాలి, అప్పుడు కింది గేరు వెయ్యాలి. లెక్క తప్పిందా, గేరు పెట్టె బస్సులో నిద్రపోతున్న వాళ్ళందరినీ ఒకేసారి లేపుతుంది. ఆ బాధ తప్పించడానికి గేరు పెట్టె లోపల పళ్ళ వేగాలను కలిపే సింక్రోమెష్‌ను అమెరికాలో క్యాడిలాక్ కంపెనీ 1928లోనే తెచ్చింది. మనకు అది నింపాదిగా వచ్చింది. పాత అంబాసిడర్లలో మొదటి గేరుకు సింక్రో లేదు. స్టీరింగు పక్కనున్న ఆ హ్యాండ్ గేరును బండి కదులుతుండగా ఫస్టులోకి వెయ్యడమంటే రాసి పెట్టి ఉండాలి. బాబాయి నేర్చుకున్నది దాని మీదే. "ఇప్పటి బళ్ళన్నిటికీ సింక్రో ఉందిగా బాబాయ్, ఇంకా ఈ రేజ్ ఎందుకు?" అని ఎవరైనా అంటే ఆయన జాలిగా నవ్వుతాడు. సింక్రో గేరు పెట్టె లోపలి పళ్ళనే కలుపుతుంది. క్లచ్చుకు అవతల ఉన్న ఇంజనును కలపాల్సింది కాలే. ఈ ముక్క నిజం. నిజమే గనక ఆయనతో వాదన పెట్టుకోవడం ఇంకా కష్టం.

2014 అనగానే తెలుగువాళ్ళకి రాష్ట్ర విభజన గుర్తొస్తుంది. ఆయనకి అంతకు ముందు జరిగినవి గుర్తొస్తాయి. ఆ జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది. ఫిబ్రవరిలో, మన దేశంలో మొదటిసారిగా, క్లచ్చు పెడలు లేకుండా గేర్లు తనే మార్చుకునే ఏఎంటీతో సెలేరియో వచ్చింది. మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ మూతపడింది. జూన్ రెండున రాష్ట్రం రెండైంది. "ఆ ఏడాది ఒక్కటీ మిగల్లేదురా" అని ఆయన నిట్టూరిస్తే వినేవాళ్ళు రాజకీయం అనుకుని తలూపుతారు.

ఏఎంటీ అంటే ఆయనకి ఒళ్ళుమంట. గేరు మారిన ప్రతిసారీ అందులో ఉన్నవాళ్ళంతా గంగిరెద్దుల్లా తలలు ఊపాలంటాడు. విదేశాల్లో మాన్యువల్ గేర్లున్న కారుకే కంప్యూటరు తగిలించి, గేరు దించేటప్పుడు రేజ్ అదే ఇచ్చుకునేలా చేశారని, 2009 మోడల్ నిస్సాన్ 370జడ్‌లో ఆ సదుపాయం వచ్చిందని ఎవరో మనవడు చెప్పాడు. బాబాయి చాలాసేపు ఆలోచించాడు. "అయితే ఆ సీట్లో కూర్చున్నవాడు టిక్కెట్టు తీసుకున్నాడా?" అన్నాడు.

ఒకసారి పెళ్ళి సంబంధం చూడ్డానికి ఆయన్ని తీసుకెళ్ళారు. తప్పు వాళ్ళదే. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం, మంచి జీతం, మంచి మర్యాద, పెద్దవాళ్ళని తనే కారులో బస్టాండు దాకా దింపాడు. బస్సెక్కగానే బాబాయి "వద్దు" అన్నాడు. అందరూ గాభరా పడ్డారు. తాగుడా, అప్పులా అని అడిగారు.

"స్పీడ్ బ్రేకర్ దగ్గర మూడులోంచి రెండులోకి దించాడు. క్లచ్చు ఠపీమని వదిలేశాడు. ఆ కాస్త ఓర్పు లేనివాడు రేపు సంసారం ఏం చేస్తాడు?"

"అన్నయ్యా, మా పిల్ల కాపురం చేసేది అబ్బాయితో. గేర్ బాక్సుతో కాదు" అంది పెళ్ళికూతురి తల్లి. పెళ్ళి జరిగింది. వాళ్ళు సుఖంగానే ఉన్నారు. ఆటోమేటిక్ కొనుక్కున్నారు. సుఖానికి కారణం అదేనని పిల్ల అంటుంది, పతనానికి ఆనవాలు అదేనని బాబాయి అంటాడు.

ఆ ఆటోమేటిక్‌లోనే, ఆ అల్లుడి చేతి కిందే, ఆయన తిరుమల వెళ్ళి రావాల్సి వచ్చింది. దైవలీల. ఎక్కేటప్పుడు పెద్దగా గొడవ లేదు. దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డున. సుమారు 19 కిలోమీటర్లు, కనీసం 40 నిమిషాలు తీసుకుని దిగాలని దేవస్థానం నియమం. బాబాయి అది విని మొదటిసారి ఒక కార్యాలయాన్ని మెచ్చుకున్నాడు. "లెక్క చూడు, గంటకి 28 కిలోమీటర్లు. అచ్చంగా రెండో గేరు స్పీడు. ఎవరో డ్రైవింగు తెలిసినవాడు పెట్టిన రూలిది."

వెనక సీట్లో ఆయనకి పాత శత్రువు, పెద్ద బావగారు ఉన్నాడు. ఈయన న్యూట్రల్ వీరుడు. దిగుడు కనపడితే చాలు న్యూట్రల్‌లో పడేసి పెట్రోలు మిగిలిందని పద్దు రాసుకునే రకం. "న్యూట్రల్ కొట్టు అల్లుడూ, కొండ దిగేదానికి ఆయిల్ దండగ" అన్నాడు. బాబాయి ఊరుకుంటాడా! కార్బొరేటర్ల కాలం పోయింది, ఇప్పటి ఇంజన్లకు గేరులో ఉండగా ఎక్సలేటరు మీంచి కాలు తీసేస్తే పెట్రోలు దానంతట అదే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో పెడితేనే ఇంజను ఆగకుండా ఉండడానికి చుక్కచుక్కా పొయ్యాలి, పైగా బండిని పట్టి ఉంచే నాథుడుండడు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి కాగి కాగి ఒక దశలో తొక్కినా పట్టవు అని ఒక మలుపు నుంచి ఇంకో మలుపు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. బావగారు నమ్మలేదు. ముక్కు నమ్మింది. అప్పటికే అల్లుడు బ్రేకు మీంచి కాలు తియ్యకుండా దిగుతున్నాడు, కారులో సన్నగా కాలిన వాసన మొదలైంది.

"ఆపు. పక్కకి తీసి ఆపు. చల్లారనీ" అన్నాడు బాబాయి. కాసేపయ్యాక, "ఈ బండికి గేర్లు మనం వేసే మార్గమే లేదా?" అని అడిగాడు.

"ఉంది మామయ్యా, మాన్యువల్ మోడ్. ఎప్పుడూ వాడలేదు."

మళ్ళీ బయల్దేరాక వాడించాడు. మూడులో ఉండగా "రెండు కొట్టు" అన్నాడు. అల్లుడు లివరు కదిపాడు. అప్పుడు జరిగింది అసలు సంగతి. ఎవరి కాలూ ఎక్సలేటరు మీద లేదు. ఇంజను దానంతట అదే చిన్నగా "వుమ్" మంది. ఆ తర్వాతే గేరు పడింది. కుదుపు లేదు. బండిని ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు వేగం తగ్గింది. బాబాయి గభాలున వెనక్కి తిరిగి పిన్నిని చూశాడు. కనురెప్ప కదల్లేదు.

అలిపిరి దాకా ఆయన నోరు మెదపలేదు. కిందికొచ్చి కారు దిగాక అల్లుణ్ణి పక్కకి పిలిచాడు.

"ఆ రేజ్ ఎవరిచ్చారు?"

"కంప్యూటరు మామయ్యా. అలా ప్రోగ్రామ్ రాసి ఉంటారు."

"ఎవరు?"

"ఎవరో ఇంజనీరు."

బాబాయి కళ్ళు మూసుకుని తల పంకించాడు. "వాడు అంబాసిడర్ నడిపి ఉంటాడు" అన్నాడు.

ఆ రాత్రి వంటింట్లో ఆడవాళ్ళు పిన్నిని పట్టుకున్నారు, కొండ మలుపుల్లో కూడా అంత నిద్ర ఎలా పడుతుంది వదినా అని. "నిద్రా నా మొహమా! పెళ్ళైన కొత్తలో కళ్ళు తెరిస్తే చాలు, ఇప్పుడు ఏ గేరులో ఉన్నామో చెప్పుకో అనేవారు. అప్పట్నుంచీ మూసుకునే కూర్చుంటున్నా" అంది ఆవిడ. ఈ విషయం బాబాయికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఊళ్ళో ఆయనకి స్టీరింగు ఇవ్వకండి. సిగ్నలు సిగ్నలుకీ కచేరీ పెడతాడు, కూరగాయలకి వెళ్ళి మధ్యాహ్నానికి వస్తారు. ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని చెప్పినట్టు చెయ్యండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్ వెయ్యకండి, ఇంజను ఆపకండి. ఆటోమేటిక్ అయితే ఆ మాన్యువల్ మోడ్ ఎక్కడుందో అలిపిరి గేటు దాటకముందే చూసి పెట్టుకోండి.