నెలకి నూటపదహార్లు

పొగడ్తకి ఖర్చుండదు కాబట్టే ధారాళంగా దొరుకుతుందని నాకు తెలియక కాదు. నాకొచ్చేవి మాత్రం ఆ రకం కాదని గట్టి నమ్మకం.

శనివారం రాత్రి వంటిల్లు సర్దుకున్నాక భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక ఉత్తరం రాసి, తెలిసినవాళ్ళందరికీ ఈమెయిల్లో పంపడం నా అలవాటు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఎవరో ఒకరు వింటున్నారన్న భ్రమ లేకపోతే నిద్ర పట్టదు. అందులో ఘనమైన సంగతులేం ఉండవు. రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర కొత్తగా పెట్టిన బజ్జీల బండి, చదివిన పుస్తకం, మా అత్తగారు ఆవకాయ జాడీతో మాట్లాడే తీరు, ఇలాంటివే. ఆదివారం కాఫీ వేళకల్లా జవాబులు దిగేవి. "అద్భుతం టీచర్‌గారూ!" "మీరు పుస్తకం వెయ్యాల్సిందే." "కళ్ళు చెమర్చాయండీ." బజ్జీల బండి గురించి చదివితే కళ్ళెందుకు చెమర్చాయని నేనడగలేదు. పచ్చిమిరపకాయ గుర్తొచ్చి ఉండొచ్చు. నేను నా శైలి అనుకున్నాను.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఒకరోజు ఫోన్లో అంది, "ఇంతమంది చదువుతుంటే ఊరికే పంపుతావేంటమ్మా? చందా పెట్టు."

"ఛఛ, నేను డబ్బు కోసం రాస్తున్నానా?" అన్నాను. అన్నానే గానీ, ఆ రాత్రి చదివేవాళ్ళ లెక్కని నెలకింతని హెచ్చవేసి, దాన్ని మళ్ళీ పన్నెండు పెట్టి హెచ్చవేసి, వంటింటి గట్టుకి గ్రానైట్ వేయించేశాను. నల్లది. చెమ్మ పీల్చనిది.

మర్నాడు ఇంట్లో మాట కదిపాను. మా ఆయన బ్యాంకులో చేసి రిటైరైనవారు. ఏ పనికైనా పాత దాఖలాలు అడుగుతారు. "కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం పెట్టారు. ఆంధ్రపత్రిక ఎప్పుడు పెట్టారు? 1908లో, బొంబాయిలో. మందు మీద వచ్చిన డబ్బుతో పత్రిక నడిపారు. అంటే ముందు తలనొప్పి మందు, తరవాత పత్రిక. నువ్వు వరస తప్పుతున్నావు" అన్నారు.

"అంటే నా ఉత్తరాలు తలనొప్పనా?"

"ఆ మాట నేనన్నానా? మందేదని అడుగుతున్నాను, అంతే."

రేటు దగ్గర ఇంకో పేచీ. అమ్మాయి నెలకి 99 అంది. పక్కగదిలో పడుకున్న మా అత్తగారికి మామూలుగా గట్టిగా పిలిచినా వినపడదు. ఇది మాత్రం వినపడింది. "99 ఏవిటే, చెప్పుల కొట్టు రేటు! సరస్వతికి ఇచ్చేదానికి సున్నాలూ తొమ్మిదులూ ఏవిటి? 116 పెట్టు" అని తీర్మానించారు. మా ఇంట్లో ఆవిడ తీర్మానానికి సవరణలుండవు.

ఇక ఆ సంగతి పాఠకులకి చెప్పాలి కదా. ఆ ఉత్తరం రాయడానికి పట్టినంతసేపు నాకు మరే ఉత్తరానికీ పట్టలేదు. "ఆత్మీయులారా" అని మొదలెట్టి, అందరి క్షేమమూ అడిగి, వానలు ఆలస్యమయ్యాయని విచారించి, కాగితం రోజుల్లో పత్రికలు చందాదారుల మీదే బతికాయని గుర్తుచేసి, అప్పడగడానికొచ్చిన చుట్టంలా గుమ్మం దగ్గరే చాలాసేపు తచ్చాడి, చిట్టచివర వాక్యంలో, అదీ మధ్యలో, 116 అని పెట్టాను. దాని వెంటనే "ఇబ్బందైతే వద్దు సుమా" అని కూడా రాశాను. మా అమ్మాయి చదివి, "ఇది చందా అడగడమా, క్షమాపణా?" అంది.

సాంకేతికం అంతా తనదే. ఇలాంటి ఉత్తరాలు నడిపిపెట్టే సబ్‌స్టాక్ లాంటి చోటైతే వచ్చిన చందాలో నూటికి పది వాళ్ళు తీసుకుంటారట, కార్డు ఖర్చులు అదనం. అందుకని యూపీఐ ఆటోపే అంది. ఒకసారి ఒప్పుకుంటే నెలనెలా దానంతటదే ఖాతాలోంచి వెళ్ళిపోతుందట. మనిషి మరిచిపోయినా చందా ఆగదన్నమాట. నాకది భలే నచ్చింది. అయితే రిజర్వు బ్యాంకుది ఒక నిబంధన ఉంది. డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకి కబురు చెప్పాలి, వద్దనుకుంటే మానేసే వీలూ చూపించాలి. ఖాతాదారుగా నాకూ ఈ నిబంధన ఇష్టమే. చందా పుచ్చుకునేదాన్నయ్యాక ఇష్టం తగ్గింది. నన్ను హాయిగా మరిచిపోయినవాళ్ళని నెలకోసారి తట్టిలేపి, "ఈవిడకి రేపు 116 వెళ్తున్నాయి, మీకు సమ్మతమేనా?" అని అడిగితే ఎవరు మాత్రం ఆలోచనలో పడరు?

ఆ ఆదివారం కాఫీ చల్లారింది గానీ జవాబులు దిగలేదు. పుస్తకం వెయ్యాల్సిందే అన్నాయన మౌనవ్రతం పట్టారు. కళ్ళు చెమర్చినావిడకి కళ్ళు ఆరిపోయాయి. మా పెద్దమ్మ కొడుకు మాత్రం ఫోన్ చేశాడు. "మనలో మనకి డబ్బులేంటక్కా, నువ్వు నాకు విడిగా పంపేయ్" అని నాకు అభయమిచ్చాడు.

మరి కట్టిందెవరు? ఏనాడూ ఒక్క జవాబు రాయనివాళ్ళు. ఎప్పుడో నా దగ్గర చదివి, లెక్కల్లో నా చేత మొట్టికాయలు తిన్న పిల్లాడొకడు. అనకాపల్లి నుంచి నాకు ఎంతమాత్రం తెలియని ఒకాయన. ఇన్నేళ్ళూ వీళ్ళు నోరు మెదపకుండా చదువుతున్నారు. నేనేమో నోరున్నవాళ్ళని చూసుకుని మురిసిపోయాను.

అందరికన్నా ముందు కట్టింది కాకినాడలో ఉన్న మా పెద్దాడపడుచు. ఊరికే వచ్చినన్నాళ్ళూ ఆవిడ నా ఉత్తరం తెరిచిన దాఖలా లేదు. డబ్బు కట్టిన క్షణం నుంచీ యజమానురాలైంది. "ఈ వారం పొట్టిగా ఉందేమే? 116 మాత్రం నిండుగానే కట్టయింది" అని సంజాయిషీ అడుగుతుంది. "అమ్మ జాడీతో మాట్లాడుతుందని ఊరంతటికీ చెప్పాలా? అలాంటివి డబ్బు కట్టినవాళ్ళకే పెట్టు" అని సంపాదకీయ విధానం నిర్ణయిస్తుంది.

ఆ సలహా అమలుచేశాను. సగం ఉత్తరం అందరికీ, మిగతాది చందాదారులకే. గోంగూర పచ్చడి గురించి రాస్తూ, ఆకు మగ్గబెట్టడం దాకా ఉచితంగా ఇచ్చి, పోపు దగ్గర తెగ్గొట్టాను. ఆవాలు చిటపటలాడేలోపు ఎవరైనా 116 తీయకపోతారా అని. తీయలేదు. ఫోన్లు చేశారు. "బాణలి పొయ్యి మీదుందే, ఎండుమిరపకాయలెన్ని?" అని అడిగితే చందా కట్టి రమ్మని ఎలా అంటాను? ఎన్నో చెప్పాను. వెల్లుల్లి కొంచెం ఎక్కువే పడనిమ్మని కూడా చెప్పాను.

ఈలోగా అత్తగారు వాటా అడిగారు. "నన్ను రాసి డబ్బు పుచ్చుకుంటున్నావుటగా, నాదేదీ?" న్యాయమే. ఏం కావాలంటే, నెలకో అమృతాంజనం సీసా చాలన్నారు. "ఇప్పుడు వరస కుదిరింది" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మొన్న మా ఆడపడుచు రాజమండ్రి వచ్చింది. ఆడపడుచుగా వస్తే పసుపు కుంకుమ, పళ్ళు సరిపోయేవి. చందాదారుగా కూడా వచ్చింది కాబట్టి పెసరట్టు ఉప్మా, పూతరేకులు, మంచి రకం జాకెట్టు ముక్క. బండి ఎక్కబోతూ, తన వియ్యపురాల్ని కూడా చేర్పించానని శుభవార్త చెప్పింది. వచ్చే నెల ఆవిడా వస్తారట, నన్ను చూడ్డానికి.

ఆ సాయంత్రం మా ఆయన కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నారు. సేవలమ్మేవాళ్ళకి మన రాష్ట్రంలో జీఎస్టీ పరిమితి ఏడాదికి 20 లక్షలట. మనిషికి ఏడాదికి 1,392 రూపాయలు. "1,437 మంది చేరితే నువ్వు జీఎస్టీ కట్టాలి, ఇప్పటినుంచే జాగ్రత్తగా ఉండు" అన్నారు.

పన్నుకి నేను భయపడను. అన్ని జాకెట్టు ముక్కలు ఒకే కొట్లో దొరుకుతాయా అన్నదే నా చింత.