గాలిలో ప్లాట్లు

ఒకే ప్లాటును ముగ్గురికి రిజిస్ట్రేషన్ చేసిన పెద్దమనిషిని పోలీసులు జీపెక్కిస్తారు. ఒకే గాలిని కాలనీ మొత్తానికి అమ్మినవాడు ఫ్లెక్సీ ఎక్కుతాడు, పండగ ఆఫర్‌తో సహా.

2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ 5జీ ఫిక్స్‌డ్ వైర్‌లెస్ ఇంటర్నెట్‌ను ఎయిర్‌ఫైబర్ పేరుతో మన దేశంలో మొదలుపెట్టాయి. వీధి తవ్వక్కర్లేదు, స్తంభాలెక్కక్కర్లేదు, డాబా మీద డబ్బా బిగిస్తే చాలు. సదుపాయమే, కాదనను. తీగ రాని ఊళ్లకు ఇదే దిక్కు కూడా. డబ్బాతో నాకు పేచీ లేదు, దాన్ని అమ్మే నోటితోనే.

ఈ వ్యాపారంలో ఎవరి డబ్బా అయినా సరే, బిగించే కుర్రాడు పగలు పదకొండింటికే వస్తాడు. రాత్రి తొమ్మిదింటికి వచ్చినవాణ్ణి చూసిన పుణ్యాత్ములు లేరు. పిట్టగోడ పక్కన పైపుకు డబ్బాను, అంటే ఓడీయూను, బిగించి, ఫోన్లో సిగ్నల్ చూసుకుంటూ అంగుళం ఇటూ అంగుళం అటూ తిప్పుతాడు. ఇంట్లోకి ఒక కేబుల్ దింపుతాడు. కరెంటూ డేటా రెండూ అందులోనే. డబ్బాలోని సిమ్ టవర్‌కు తానెవరో చెప్పుకుని లోపలికి అనుమతి పుచ్చుకుంటుంది. స్పీడ్ టెస్ట్‌లో ముల్లు వంద దాటుతుంది. కుర్రాడు ఫొటో తీసుకుంటాడు. ఆ ఫొటో ఫైల్లో శాశ్వతంగా ఉంటుంది, ఆ స్పీడు సాయంత్రం దాకా ఉంటుంది.

సాయంత్రం అందరూ ఇళ్లకు చేరాక ఏమవుతుందంటారా? టవర్ మీద ఒక్కో యాంటెనా మామూలుగా 120 డిగ్రీల మేర చూస్తుంది. ఆ ముక్కే సెక్టారు. అందులో పడ్డ ఇళ్లన్నీ పంచుకోవాల్సింది ఒకే ఛానెల్. మిల్లీసెకన్ల లెక్కన టవరే వంతులేస్తుంది. డౌన్‌లోడూ అప్‌లోడూ కూడా ఆ ఛానెల్ మీదే వంతులు పడతాయి, ఎక్కువ వంతులు డౌన్‌లోడ్‌కే. అందుకే డాలస్‌లో ఉన్న అబ్బాయి మీకు చక్కగా కనబడతాడు, మీరు మాత్రం అతనికి నోరు తెరిచి బిగుసుకుపోయి కనబడతారు.

ఇంకో గమ్మత్తు. సిగ్నల్ బాగున్న ఇంటికి 256-క్వామ్ అనే మాడ్యులేషన్‌లో ఒక్కో సింబల్‌కు 8 బిట్లు పోతాయి. వెనకవీధి మాస్టారి డబ్బాకు ఎదురుగా మామిడిచెట్టు గుబురెక్కిందనుకోండి, క్యూపీఎస్‌కే అనే మాడ్యులేషన్‌లో 2 బిట్లే. మీరు చూసిన సినిమానే ఆయనా చూడాలంటే టవర్ ఆయనకు కనీసం నాలుగింతల సమయం ఇవ్వాలి. ఇచ్చేది మీ వంతులోంచే! మాస్టారు నిర్దోషి, చెట్టు నిర్దోషి. అక్కడ సిగ్నల్ చాలదని తెలిసీ టార్గెట్ కోసం డబ్బా బిగించమన్నవారు పరమ నిర్దోషులు. వారి రిపోర్టులో కనెక్షన్ల సంఖ్యకు గడి ఉంటుంది, మాడ్యులేషన్‌కు ఉండదు.

పంచుకోవడం నేరం కాదు. అందరూ ఒకేసారి వాడరు కాబట్టే ఈ ధరకు వస్తోంది. ఎంతమందితో పంచుకుంటున్నామో దాచడమే మోసం. ఇళ్లకు 1:50, వ్యాపారాలకు 1:30 మించొద్దని, ఆ నిష్పత్తి చందాదారులకు చెప్పాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లోనే మార్గదర్శకం ఇచ్చింది. ఆ లెక్కన 100 ఎంబీపీఎస్‌ను 50తో భాగిస్తే 2. 2023 నుంచి చట్టం దృష్టిలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోడానికి ఉండాల్సిన కనీస వేగమూ 2 ఎంబీపీఎస్సే. ఎంత ముందుచూపు!

రాత్రి ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమంటుంది. వేస్తాం. డబ్బా మళ్లీ టవర్‌ను వెతుక్కుని, అదే సెక్టారులో, అదే జనం మధ్య చేరుతుంది. స్విచ్ నొక్కితే టవర్‌కు కొత్త సెక్టారు మొలవదని ఆ అమ్మాయికి తెలుసు. చెప్పే స్వేచ్ఛ ఆమె జీతంలో లేదు.

కాబట్టి కొత్తగా తీసుకునేవారు ఫారం మీద సంతకం చేసే ముందు రెండు అడగండి. ఈ సెక్టారు మీద ఇప్పటికి ఎన్ని ఇళ్లున్నాయి? రాత్రి తొమ్మిదింటికి కనీసం ఎంత స్పీడొస్తుంది? జవాబు నోటితో కాదు, కాగితం మీద రాయించుకోండి. రాయనంటే డబ్బాను డాబా ఎక్కనివ్వకండి.