మీ ఒక్కరి కోసమే, మరో 4,499 మందితో కలిసి

పెరూ వెళ్దామనుకుంటున్నామని డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు నోరు జారితే చాలు, ముందుగా ఒక ఫారం వస్తుంది. వీసా గురించి కాదు, బడ్జెట్ గురించీ కాదు, మన అంతరంగం గురించి. "మీరు అన్వేషకులా, ఆధ్యాత్మికులా, భోజనప్రియులా?" "ఈ ప్రయాణం మీలో ఏ మార్పు తేవాలని ఆశిస్తున్నారు?" పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అడగని ప్రశ్నలు. పిల్లలు పడుకున్నాక మొగుడూ పెళ్లాం కూర్చుని, ఎవరెంత ఆధ్యాత్మికులో కాసేపు పోట్లాడుకుని, నింపి పంపుతారు. ఆనక పీడీఎఫ్ దిగుతుంది. అట్ట మీద మాచు పిచ్చు, దాని కింద బంగారు రంగులో మన ఇంటిపేరు. లోపల చూస్తే లిమా, కుస్కో, సేక్రెడ్ వ్యాలీ, రైలు, మాచు పిచ్చు, రెయిన్‌బో మౌంటెన్, మళ్లీ లిమా. అన్వేషకులకూ ఇదే, ఆధ్యాత్మికులకూ ఇదే. భోజనప్రియులకు మాత్రం లిమాలో ఒక పూట సెవిచే ఎక్కువ వడ్డిస్తారు.

దీని పేరు కస్టమైజ్డ్ ట్రిప్. మామూలు ప్యాకేజీకీ దీనికీ తేడా అట్ట మీది ఇంటిపేరు, వెనక పేజీలోని ధర.

అయినా పాపం, ఆ కొండ దగ్గర ఏజెంటు చేతిలో ఉన్నదెంత? మాచు పిచ్చు కింద ఉన్న అగువాస్ కాలియెంతెస్ ఊరికి బయటినుంచి కారు దారి లేదు. నడవలేనివాళ్లు రైలెక్కాల్సిందే. రైలు దిగితే మలుపుల రోడ్డు మీద బస్సు, బస్సు దిగితే గేటు. టికెట్ మీద వేసిన గంటకు రావాలి, దాని మీది పేరు పాస్‌పోర్టుతో సరిపోవాలి. లోపలికి రోజుకు మామూలుగా 4,500 మందిని, కొన్ని రద్దీ రోజుల్లో 5,600 మంది దాకా పంపుతారు. 2024 నుంచి దారులను మూడు సర్క్యూట్లు చేశారు. మీది ఏ సర్క్యూటో ఆ దారినే నడవాలి, పక్కదానిలోకి తొంగిచూడటం కుదరదు. లోపల మరుగుదొడ్డి లేదు, ఉన్నది గేటు బయట. మూడొందల రూపాయల దర్శనం టికెట్టు పట్టుకుని తిరుమల క్యూలో నిలబడ్డవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు. కాకపోతే తిరుమలలో ఎవరూ "ఈ క్యూ మీ వ్యక్తిత్వానికి తగ్గట్టు రూపొందించాం" అని చెప్పరు.

జనం వద్దు, ఏకాంతమే కావాలి అనేవాళ్లకు మాచు పిచ్చు దాకా వెళ్లే "ఇంకా ట్రెయిల్" అంటగడతారు. నాలుగు రోజుల నడక, మధ్యలో 4,200 మీటర్ల కనుమ. లైసెన్సున్న సంస్థ వెంట లేనిదే అడుగు పెట్టనివ్వరు. రోజుకు 500 పర్మిట్లు. అందులో గైడ్లు, వంటవాళ్లు, మోతగాళ్లు అందరూ లెక్కే. అంటే మన ఏకాంతాన్ని మోయడానికి మనకంటే ఎక్కువమంది కావాలన్నమాట. మనం కనుమ మీద రొప్పుతూ "నేనూ, నా కొండలూ" అని స్టేటస్ తయారు చేసుకుంటుంటే, చట్టం ఒప్పుకున్న 20 కిలోలు వీపున వేసుకుని కెచువా మాట్లాడే మోతగాడు మనల్ని దాటుకుని పరుగెత్తుతాడు. మనం చేరేసరికి గుడారం లేచి ఉండాలి, సూప్ కాగి ఉండాలి కదా.

పీడీఎఫ్‌లో "స్థానికుల జీవితంలోకి మీకు మాత్రమే ఆహ్వానం" అని ఒక పూట తప్పనిసరిగా ఉంటుంది. చించెరో అనే ఊళ్లో నేత చూపిస్తారు. ఎర్ర ఉన్ని జాకెట్ తొడుక్కున్న ఆవిడ, నాగజెముడు మట్టల మీద పెరిగే కొచినీల్ పురుగును అరచేతిలో వేసి నలుపుతుంది. చెయ్యంతా నెత్తురు ఎరుపు. దాని మీద నిమ్మరసం పిండుతుంది, ఎరుపు నారింజలోకి తిరుగుతుంది. చూడదగ్గదే, కాదనను. స్పెయిన్ వాళ్లు వచ్చాక యూరప్ దొరలు ఈ పురుగు రంగుకు ఎగబడ్డారు. ఆ తర్వాత ఆవిడ ఆ రంగు కాస్త పెదాలకు పూసుకుని లిప్‌స్టిక్ మీద ఒక జోకు వేస్తుంది. మనం నవ్వుతాం. గోడకు అవతల ఇంకో బృందం అదే జోకుకు నవ్వుతుంది. ఆవిడ తన పని చక్కగా చేసుకుంటోంది, ఆవిడ మీద నాకే ఫిర్యాదూ లేదు. దాన్ని మనకొక్కరికే పిలుపని అమ్మినవాడి సంగతే నేను మాట్లాడుతున్నది.

ఇక "వేల ఏళ్ల నాటి శిథిలాలు". మాచు పిచ్చు కట్టింది 15వ శతాబ్దం మధ్యలో, ఇంకాల చక్రవర్తి పచాకుతి కాలంలో అంటారు. మన హనుమకొండ వేయిస్తంభాల గుడి దానికంటే మూడు వందల ఏళ్లు పాతది కాదా? నిజంగా వేల ఏళ్ల నాటిదే కావాలంటే లిమాకు ఉత్తరాన కరాల్ ఉంది, దాదాపు 5,000 ఏళ్ల నగరం, కారులో పొద్దున వెళ్లి రాత్రికి తిరిగిరావచ్చు. అంత పాతవి కావు గానీ, ట్రుజిల్లో దగ్గర మట్టితో కట్టిన మహానగరం చాన్ చాన్ ఉంది. ఉత్తరపు కొండల్లో 3,000 మీటర్ల ఎత్తున చచపోయా జాతివాళ్ల కోట కుయెలాప్ ఉంది, 2017 నుంచి దానికి రోప్‌వే కూడా నడుస్తోంది. ఇవి ఏ అన్వేషకుడి పీడీఎఫ్‌లోనూ ఉండవు. ఎందుకంటే ఫోటో పెడితే ఎవరూ గుర్తుపట్టరు. మాచు పిచ్చునైనా మనవాళ్లలో చాలామంది మొదట చూసింది 2010లో "రోబో"లో, రజనీకాంత్, ఐశ్వర్యారాయ్ అక్కడ ఆడిపాడినప్పుడే. ఆ పాట "కిలిమంజారో". ఆఫ్రికా కొండ పేరు పాడుతూ పెరూ కొండ మీద చిందులు! కస్టమైజేషన్ అంటే అదీ.

నిజంగా ఒకే ఒక్కడి కోసం జరిగిన మాచు పిచ్చు యాత్ర కూడా ఉంది. 1911 జులై 24న యేల్ విశ్వవిద్యాలయం పంతులు హైరమ్ బింగమ్‌ను మెల్చోర్ ఆర్తెయాగా అనే రైతు వెంటబెట్టుకుని కొండెక్కించాడు. కూలి ఒక్క సోల్. పైన ఇంకాల మెట్ల పొలాల్లో రైతు కుటుంబాలు అప్పటికే సాగు చేసుకుంటున్నాయి. దొరకు దాహం తీర్చి, చిలగడదుంపలు పెట్టారు. శిథిలాల్లోకి దారి చూపింది వాళ్ల పిల్లవాడు. అంతకు ముందే, 1902లో, అగుస్తీన్ లిజారాగా అనే అక్కడి మనిషి గోడ మీద బొగ్గుతో తన పేరు రాసిపోయాడు. అయినా "మాయమైన నగరాన్ని కనుక్కున్నది" దొరేనట. ఆయన తరలించిన వస్తువులు యేల్ నుంచి తిరిగి రావడానికి 2012 దాకా పట్టింది. ఇవాళ ఆ దారిలో నడిచే విలాసాల రైలు పేరు "హైరమ్ బింగమ్". ఆర్తెయాగా పేరు కోసం మీ పీడీఎఫ్ వెతకండి, తీరిక ఉంటే.

మనిషిని బట్టి నిజంగా మార్చాల్సింది ఒకటుంది. ఫారంలో దాని ఊసే ఉండదు. ఊపిరి. లిమా సముద్రం ఒడ్డున ఉంది, కుస్కో 3,400 మీటర్ల పైన. విమానంలో గంటన్నర కూడా పట్టదు. దిగగానే తలపోటు, కడుపులో వికారం; అక్కడివాళ్లు సొరోచే అంటారు. హోటల్ లాబీలో ఒక పక్క కోకా ఆకుల టీ, ఇంకో పక్క ఆక్సిజన్ సిలిండర్. మాచు పిచ్చు 2,430 మీటర్లే, కుస్కో కంటే దాదాపు కిలోమీటరు కిందికి. తెలిసినవాడైతే విమానాశ్రయం నుంచి తిన్నగా లోయలోకి, 2,800 మీటర్ల దగ్గరున్న ఒల్లాంటాయ్‌టాంబోకు దింపి నిద్రపుచ్చుతాడు, కుస్కోను ఆఖరుకు ఉంచుతాడు. కానీ థ్యాంక్స్‌గివింగ్ సెలవులు కొంచెం, చూపించాల్సినవి బోలెడు. అందుకని బీపీ మాత్రలు వేసుకునే అత్తమామలను సైతం వచ్చిన మర్నాడే తెల్లవారుజామున లేపి, 5,000 మీటర్లు దాటిన రెయిన్‌బో మౌంటెన్‌కు తోలుతారు. థ్యాంక్స్‌గివింగ్ వచ్చే నవంబరు అక్కడ వానలు మొదలయ్యే నెల. ఏడు రంగులూ మబ్బులో ఉంటాయి. అత్తగారు రాయి మీద కూలబడి, "ఫోటో అయిందా బాబూ, ఇక దిగుదామా" అంటుంటారు. ఆవిడ ఆధ్యాత్మికురాలని ఫారంలో టిక్కు పెట్టి ఉంటుంది.

కాబట్టి అడ్వాన్సు కట్టేముందు ఏజెంటుగారిని రెండే అడగండి. మొదటి రాత్రి మమ్మల్ని ఎన్ని మీటర్ల ఎత్తున పడుకోబెడుతున్నారు? మాచు పిచ్చులో మా టికెట్ ఏ సర్క్యూట్‌ది, ఏ గంటకు? జవాబు అంకెలతో కాకుండా "అనుభూతి"తో మొదలైతే ఫోన్ పెట్టేయండి. ప్రవేశ టికెట్లు పెరూ సాంస్కృతిక శాఖే నేరుగా ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. వాళ్లకు మీ అంతరంగంతో పనిలేదు, పాస్‌పోర్టు నంబరు చాలు.