చిమ్నీ మీద 'రేపు రా'

చట్టమంటే ఏమిటో విశాఖ గాజువాక ఆటోనగర్‌లో షెడ్డుకొచ్చిన లారీ సైలెన్సర్‌ని అడగాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా రోడ్డెక్కితే కేంద్ర చట్టం ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా. డీజిల్లో గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములు మించకూడదని బీఎస్-6 నిబంధన. బీఎస్-5 మెట్టు మీద కాలైనా పెట్టకుండా దేశమంతా 2020 ఏప్రిల్ 1న ఆ డీజిల్‌కి మారిపోయింది.

అక్కణ్నుంచి పరవాడ వైపు తిరిగితే ఎన్టీపీసీ సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. మన బొగ్గులో గంధకం సుమారు అర శాతం, అంటే కిలోకి 5,000 మిల్లీగ్రాములు. లారీ తాగే డీజిల్ కన్నా 500 రెట్లు. దీన్ని 'తక్కువ గంధకం' అంటారు.

ఆ గంధకాన్ని పట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. సున్నపురాయి పొడి నీళ్లలో కలిపి పొగ మీద జల్లితే, గంధకం కాలి పుట్టిన సల్ఫర్ డయాక్సైడ్ జిప్సంగా మారి సిమెంటు ఫ్యాక్టరీకి పనికొస్తుంది. లండన్‌లో బ్యాటర్‌సీ విద్యుత్ కేంద్రం 1930లలోనే థేమ్స్ నీళ్లతో పొగ కడిగింది. ముంబై ట్రాంబేలో సముద్రపు నీటితో కడిగారు.

మనకూ 2015 డిసెంబరు 7న నోటిఫికేషన్ వచ్చింది. 500 మెగావాట్లు, ఆపైన ఉన్న పాత యూనిట్లకు ఘనపు మీటరు పొగలో సల్ఫర్ డయాక్సైడ్‌కి 200 మిల్లీగ్రాములే హద్దు. గడువు రెండేళ్లు.

వెనకటికి ఊళ్లలో దెయ్యం భయానికి తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. దెయ్యం బుద్ధిగా చదువుకుని వెళ్లిపోయేది. నిబంధనదీ అదే బుద్ధి. 2017లో వచ్చి చదువుకుని 2022కి పోయింది. అక్కణ్నుంచి 2024కి, ఆపైన 2027కి. ఊళ్లకు దూరంగా ఉన్న కేంద్రాలకైతే 2029 అన్నారు. 2025 జులైలో వాటికి ఆ తలనొప్పీ వదిలింది: చిమ్నీ తగినంత ఎత్తుంటే చాలు, గంధకం పట్టే యంత్రం అక్కర్లేదు. నాలుగింట మూడు వంతులకు పైగా కేంద్రాలు అలా గట్టెక్కాయి.

కారణం? ఊరి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ హద్దులోనే ఉందట. ఆ వాయువు దారిలో సల్ఫేట్ ధూళిగా మారి, పేరు మార్చుకుని ఊపిరితిత్తుల్లోకి దిగుతుందన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. లారీ పొగను గొట్టం మూతి దగ్గర కొలుస్తారు, చిమ్నీ పొగను ఊరంతా వెతుకుతారు.

ఈ న్యాయం లారీకీ వర్తిస్తే ఆటోనగర్ వెల్డర్లకు చేతినిండా పని. 500 మెగావాట్ల కేంద్రానికి చిమ్నీ 275 మీటర్లుండాలన్నది పాత రూలు. లారీకీ అంత సైలెన్సర్ అతికించేస్తే సరి, సర్టిఫికెట్ గొడవే ఉండదు. కాకపోతే ఎన్ఏడీ ఫ్లైఓవర్ దగ్గర కాస్త వంగాలి.

2011 లెక్కల ప్రకారం జనాభా 10 లక్షలు దాటిన నగరాలకు 10 కిలోమీటర్లలోపు ఉన్న కేంద్రాలకు మాత్రం మినహాయింపు లేదు. విశాఖ అప్పటికే 17 లక్షలు. ఆ కేంద్రాల గడువు 2027 చివరిదాకా. పాఠకులు ఆ తేదీని క్యాలెండర్లో పెన్సిల్‌తో రాసుకుంటే మంచిది.