ఎవరికి బంధువు?

ఇంటికి వచ్చిన బంధువు ముందుగా కష్టములో ఉన్నవారిని పలుకరించుట మనలో మర్యాద. కాని 2018 మే 10వ తేదీన హుజూరాబాదు ప్రాంతమున నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారి చేతుల మీదుగా అవతరించి, మా కల్వకుర్తి చెలకల దాకా విచ్చేసిన ‘రైతుబంధు’ అను మహాబంధువు, మేడి పట్టి కాయలు కాచిన అరచేతిని గాని, పత్తిచేనిలో బీటలు వారిన పాదమును గాని కన్నెత్తి చూడక, పట్టాదారు పాసుపుస్తకమును మాత్రమే గుర్తుపట్టి గాఢాలింగనము చేసికొనెను.

పెట్టుబడిసాయము ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు. మరుసటి ఏటినుండి 5,000. ఎకరములకు పరిమితి లేకుండుటచే నలువది ఎకరముల ఆసామికి తొలియేటనే 3,20,000 రూపాయల బంధుప్రీతి సంక్రమించెను. కలిగినవారు స్వచ్ఛందముగా వదలుకొనవచ్చునని సర్కారువారు సెలవిచ్చిరి గాని, మా వైపు త్యాగధనుల రద్దీ ఏర్పడినట్లు నేను వినలేదు. హైదరాబాదు రోడ్డు వెంట ఏ విత్తనమూ మొలవక, హద్దురాళ్లు మాత్రమే ఏపుగా ఎదిగిన వెంచర్లు సైతము కాగితము మీద సస్యశ్యామలములే. గుట్టలును, రోడ్లును, ప్లాట్లును సాగుభూములు కావని కనుగొనుటకు ప్రభుత్వమునకు ఆరేండ్లకు పైగా పట్టెను.

పైకము పడిన దినమున మా ఊరి కౌలురైతు ఒకడు, భుజముపై ఎరువుబస్తా దింపకయే, పట్నమున ఉన్న పట్టాదారుకు ఫోను చేసెను. “పైసలు పడ్డయా పటేలా?” “పడ్డయి గని, నువ్వు కౌలు పైసలెప్పుడిస్తవ్‌రా?” అంతటితో బంధుపరామర్శ ముగిసెను. బస్తా అప్పుది, వడ్డీ వానిది, వాన దేవునిది, సాయము మాత్రము పటేలుది.

పూర్వము పహాణీలో ‘అనుభవదారు’ అని ఒక గడి ఉండెడిది. దున్నువాడెవడో అందు వ్రాసెడివారు. భూరికార్డుల ప్రక్షాళనలో ఆ గడియే కొట్టుకొనిపోయెను. నాటినుండి కౌలుదారునకు మిగిలినది అనుభవము మాత్రమే.

2023 సెప్టెంబరు 17న తుక్కుగూడ సభలో కాంగ్రెసువారు, రైతులకే గాక కౌలురైతులకు సైతము ఎకరమునకు ఏటా 15,000 రూపాయలిత్తుమని వాగ్దానము చేసిరి. మా జిల్లాలోని వంగూరు మండలము కొండారెడ్డిపల్లి బిడ్డ ముఖ్యమంత్రి పీఠమెక్కగా, ఇక మన గోడు మనవాడే వినునని మావారు మురిసిరి. 2025 జనవరి 26న బంధువు పోయి ‘భరోసా’ వచ్చెను; మొత్తము ఎకరమునకు ఏటా 12,000 అయ్యెను. పేరు మారెను, రేటు మారెను. పాసుపుస్తకముపై మమకారము మాత్రము మారలేదు. కౌలుదారునకు వాగ్దానములో చోటు దొరకెను, జాబితాలో దొరకలేదు.

పట్టాదారునకు ఈయవలదని నేననను. రెండెకరముల చెలకను స్వయముగా దున్నుకొను పట్టాదారునకు ఆ సొమ్ము విత్తనములకైన అక్కరకు వచ్చుచున్నది. కాని పెట్టుబడిసాయమని పేరు పెట్టినపుడు పెట్టుబడి పెట్టినవాడెవడని ఒక్కమాట అడుగవలదా? అడుగుటకు కొత్త సంఘమును, కొత్త యాపును అక్కరలేదు. కౌలుదారులకు గుర్తింపుకార్డులీయవలెనని ఉమ్మడి రాష్ట్రమున 2011లోనే చట్టము చేసియున్నారు. ఏలినవారు దాని దుమ్ము దులిపి, కార్డులిచ్చి, పిదప బంధుత్వము కలుపుకొందురు గాక.