క్లెయిమ్ లేని పెద్దమనిషి

గుంటూరు మిర్చి యార్డు ముందు టిక్కీ బస్తాల లారీలు బారులు తీరి ఉంటే, వాటి పక్కనుంచి రాంగ్ రూట్లో హారన్ కొట్టుకుంటూ దూసుకొచ్చే తెల్ల కారును చూసి మీరు తిట్టుకుంటారు. పాపం, అలా అనకూడదు. బీమా కంపెనీ పుస్తకాల్లో ఆయన ఉత్తముడు. వరసగా అయిదేళ్లు క్లెయిమ్ అడగలేదు గనక సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం బోనస్ కొట్టేస్తున్నాడు. కారు మీద చలానాలెన్ని పెండింగులో ఉన్నాయో కంపెనీ అడగదు, అడగనిది చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

మరి ఎవరినైనా గుద్దితే? మన తెలివంతా అక్కడే ఉంది. స్కూటరు వాణ్ణి గీరేశాడనుకోండి, అద్దం దించి "ఎంతయిద్దో చెప్పు, ఇచ్చేస్తా" అంటాడు. టీకొట్టు దగ్గర పంచాయితీ, అటు ఇద్దరు ఇటు ఇద్దరు పెద్దమనుషులు, చివర్లో "మనూరోడే కదా, పోనియ్యి". క్లెయిమ్ వేస్తే బోనస్ పోతుంది కాబట్టి యాక్సిడెంటు ముచ్చట కంపెనీ చెవిన పడనే పడదు. ఏడాది తిరిగేసరికి ఆయన మళ్ళీ జాగ్రత్తగా నడిపేవాడే.

ఇక థర్డ్ పార్టీ. ఎదుటివాడి ప్రాణానికి పూచీ ఇదే, రేటు కట్టేది ప్రభుత్వమే. 2022 జూన్ 1 నుంచి పెట్టిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 లోపయితే 3,416, అది దాటితే 7,897. ఇంజను ఎన్ని సీసీలో చూస్తారు, నడిపేవాడు ఎన్ని సీసీలు పుచ్చుకున్నాడో చూడరు. ముప్పై ఏళ్లుగా ఒక్క సిగ్నల్ దాటని రిటైర్డ్ మాస్టారూ, ఆ తెల్ల కారు ఆసామీ ఒకే రేటు కడతారు. అసలు కట్టకుండా దొరికితే 2019 సవరణ చట్టంలో మొదటిసారి జరిమానా 2,000. మూడు నెలల జైలు మాటా అందులో ఉందనుకోండి, కానీ మనవాళ్ళు చట్టంలో అంకెల వరకే చదువుతారు.

బీమా వాళ్ళకు లెక్కలు రాక కాదు. రోడ్డు దిగి మిరప చేలో అడగండి. ఫసల్ బీమాలో ఖరీఫ్ వరికి రైతు వాటా 2 శాతం దాటకూడదు, అదే వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం దాకా. పైగా ఏ జిల్లాలో ఏ పంటకు ఎంత ముప్పో కూడికలు తీసివేతలు చేసి మరీ ప్రీమియం నిర్ణయిస్తారు. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసింది. దాన్ని రైతు బొట్టుపెట్టి పిలిచాడా? పిలవని పురుగుకు లెక్క ఉంది గానీ, తనంతట తాను ముప్పును వెంటేసుకుని తిరిగేవాడికి లేదు.

లెక్క రాసినవాళ్ళూ లేకపోలేదు. మన హైదరాబాదులోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వేసిన బృందం 2021లో ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం అంటూ ఒక ముసాయిదా తెచ్చింది. తాగి నడిపితే 100 పాయింట్లు, అడ్డదిడ్డంగా బండి ఆపితే 10. ముందు ఢిల్లీలో పెట్టి చూద్దామన్నారు. ఎన్ని పాయింట్లు మోసినా కారుకు అదనంగా పడేది గరిష్ఠంగా 1,500 రూపాయలు. ఒక్క టిక్కీ మిర్చి కూడా రాని ఆ మొత్తానికే గుండెలు బాదుకున్నారు. మరుసటి ఏడే పక్క రాష్ట్రం తెలంగాణ పాత చలానాల మీద ఆషాఢం సేలు పెట్టింది, బైకులకు 75 శాతం తగ్గింపు, కార్లకు సగానికి సగం. బుద్ధిమంతుడికి మాత్రం ఏ డిస్కౌంటూ లేదు. అసలు చలానా ఉంటే కదా తగ్గించడానికి!

ఈ పెద్దమనిషి కొడుకే డాలస్‌లో స్టాప్ బోర్డు కనబడితే, రోడ్డు మీద పిల్లి కూడా లేకపోయినా బండి ఆపుతాడు. అక్కడ టికెట్ పడితే ప్రీమియం పెరుగుతుంది. తాగి దొరికితే బీమా ఉన్నట్టు ఎస్‌ఆర్-22 పత్రం పెట్టించాలి, ఆ మనిషికి బీమా ఇవ్వడానికే కంపెనీలు మొహం చాటేస్తాయి. సంక్రాంతికి ఇంటికొచ్చిన ఆ కుర్రాడే తండ్రి కారు తీసుకుని మార్టూరు దగ్గర హైవే మీద ఎదురెళ్తాడు. అవే కళ్ళు, అవే చేతులు. మారింది రసీదు మీద అంకె.

రేపెప్పుడో ఆ పాయింట్ల పద్ధతి ఇక్కడా వచ్చిందనుకుందాం. ముసాయిదా ప్రకారం పాయింట్లు పడేది బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళకు. అంటే వారం తిరక్కుండా పల్నాడులో, ప్రకాశంలో కార్లన్నీ నానమ్మల పేర్లకు మారిపోతాయి. స్టీరింగు ఏ పక్క ఉంటుందో కూడా తెలియని ఎనభై ఏళ్ల ముసలమ్మ, వినుకొండ నుంచి ఒంగోలు దాకా అత్యంత ప్రమాదకరమైన డ్రైవరుగా రికార్డుకెక్కుతుంది. ప్రీమియం రసీదు పట్టుకుని మనవణ్ణి నిలదీస్తుంది కూడా: "ఒరే, నిన్న రాత్రి నేను తాగి ఎక్కడికి వెళ్ళానంట్రా?"