‘నీ మంచికే చెప్తాండా’ అను మహావాక్యమునకు టీకా తాత్పర్యము

మూలం: “ఏమ్మా, నీ మంచికే చెప్తాండా, ఇంత పొద్దుపోయినాక ఒక్కదానివే పొద్దుటూరికి పోవడం బాగుంటాదా?”

అవతారిక: ఎర్రగుంట్ల జంక్షన్‌లో రాత్రి రైలు దిగి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దారుల్లో బస్సుకో ఆటోకో ఎదురుచూసే స్త్రీకి, ఆమె ఇరవై ఏళ్లుగా ఆ దారినే వచ్చిపోయే పంతులమ్మ అయినా సరే, నాపరాతి అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చున్న పెద్దమనిషి వినిపించే వాక్యమిది. పదాలు సుబోధం కనుక ప్రతిపదార్థం విడువబడినది.

విచారం: ఇది హితమా, చిన్నచూపా? మేలు కోరి చెప్పినది చిన్నచూపు కాజాలదని పూర్వపక్షం, అనగా ఖండించడానికై ముందుగా నిలబెట్టే ఎదుటివారి వాదం. ఇది తేలాలంటే ఉపదేశ భేదాలు తెలియాలి. రాజువలె ఆజ్ఞాపించే వేదం ప్రభుసమ్మితమనీ, స్నేహితునివలె నచ్చజెప్పే పురాణం సుహృత్సమ్మితమనీ, ప్రియురాలివలె మనసు కరిగించి ఒప్పించే కావ్యం కాంతాసమ్మితమనీ ఆలంకారికులు, అనగా కావ్యలక్షణాలు చెప్పిన శాస్త్రకారులు, విభజించారు. కాశ్మీరంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పిన ఈ ముచ్చట ఓరుగల్లులో విద్యానాథుని ప్రతాపరుద్రీయంలోనూ ఉంది. చమత్కారమేమనగా, ఉపదేశాల్లో మధురమైనదానికి స్త్రీ మాటనే పోలిక తెచ్చిన లోకం, తీరా స్త్రీకే ఉపదేశించవలసి వచ్చేసరికి రాజాజ్ఞకు దిగింది. 1883లో వీరేశలింగం పంతులు స్త్రీలకోసం పెట్టిన పత్రిక పేరు సతీహితబోధిని; వితంతువుల పెళ్లిళ్లు చేయించిన ఆయన మేలుకోరినవాడే, సందేహం లేదు. కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనంలోని కొన్ని పట్లు ఆడవారు వినదగనివని తీర్పు చెప్పినదీ ఆయనే. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని అచ్చువేస్తూ, సిగ్గు ఆడవారికేనా, మగవారికి అక్కరలేదా అని అడిగింది. జవాబుకు బదులు పుస్తకం మీద నిషేధం వచ్చింది. అది తొలగడానికి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధాని, అనగా నేటి మాటలో ముఖ్యమంత్రి, కావలసి వచ్చింది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత మల్లినాథసూరి ఈ పుట చూడకపోవడమే మేలు.

సిద్ధాంతం: శాస్త్రం మొదలుపెట్టేవాడు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని ముందే నిరూపించాలి, దీనికి అనుబంధచతుష్టయమని పేరు. ఇందులో అధికారి అనగా తెలుసుకోగోరి వచ్చిన శ్రోత. ఎర్రగుంట్లలో నిలబడ్డ ఆ స్త్రీ తెలుసుకోగోరినది చివరి బస్సు పోయిందా లేదా అన్నంతవరకే. ఆ ఒక్కటీ పెద్దమనిషికి తెలియదు. అడిగినదానికి జవాబు లేక, అడగనిదానికి పుష్కలంగా ఉండడం చిన్నచూపుకు లక్షణం. అదే రైలు దిగి, అదే చీకట్లో, సిమెంటు లారీల పక్కన నడిచిపోయే మగవానికి ఈ హితం ఎవరూ చెప్పరు. స్తంభానికి దీపం లేదన్న సంగతి పెద్దమనిషికి తెలుసు. ఆమెకు చెప్పాడు, దీపం వేయవలసిన ఆఫీసుకు చెప్పలేదు. ఈలలు వేసే కుర్రవాళ్లు ఆయన వీధివాళ్లే, వాళ్లకూ చెప్పలేదు. చెబితే తిరగబడతారు, ఆమె అయితే “సరేన్నా” అని తలవంచుకొని పోతుంది.

తాత్పర్యం: దారి బాగుచేయడం ఎవరివల్లా కాదు గనుక నువ్వే ఇంట్లో ఉండు.

పాఠాంతరాలు: పులివెందుల ప్రతిలో ‘నీ మంచికే’ అనుచోట ‘మా చెల్లెలు లాంటిదానివని’ అని ఉంది, అర్థభేదం లేదు. జమ్మలమడుగు ప్రతిలో చివర ‘ఇంట్లో మగోళ్లు ఎవరూ లేరా?’ అని అధికపాఠం. ఇది ప్రక్షిప్తం, అనగా తర్వాత ఎవరో చొప్పించినదని తోసిపుచ్చుదామంటే, మూలం కంటే ఇదే ఎక్కువగా వినబడుతున్నది.